మీకు తెలుసా? టీవీలో బొమ్మ ఆగితే తప్పు ఎక్కడుంటుందో

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో అబెర్‌హోసన్ అనే పల్లె ఉంది. ఏడాదిన్నర పాటు రోజూ ఉదయం ఏడు కొట్టేసరికి ఆ ఊళ్లో బ్రాడ్‌బ్యాండ్ పడిపోయేది. కేబుళ్లు మార్చినా లాభం లేకపోయింది. చివరికి ఇంజనీర్లు రేడియో తరంగాలను పసిగట్టే పరికరం పట్టుకుని, తెల్లవారుజామునే వానలో తడుస్తూ ఊరంతా తిరిగారు. దొరికింది ఒక ఇంట్లోని పాత టీవీ! పొద్దున్నే దాన్ని ఆన్ చేయగానే వెలువడే విద్యుత్ అలజడి ఊరి లైన్లను చెడగొట్టేది. ఈ సంగతి 2020లో బయటికొచ్చింది. ఇక ఆ టీవీ జోలికి వెళ్లబోమని ఇంటివాళ్లు వెంటనే ఒప్పుకున్నారు.

మన ఇళ్లలో ఇంతటి విచిత్రాలు అరుదే. కానీ సెట్‌టాప్ బాక్స్‌లో బొమ్మ ఆగగానే అందరం తిట్టేది మాత్రం వీధిలోని లైన్‌నే. చాలాసార్లు తప్పు రూటర్‌కీ టీవీకీ మధ్యనున్న ఆ కొద్ది అడుగుల్లోనే ఉంటుంది. అది తెలియక పెద్ద ప్లాన్‌కు మారేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కె బొమ్మకు 15 ఎంబీపీఎస్ ఉంటే సరిపోతుంది. బాక్స్ దాకా సిగ్నల్ సరిగా చేరని ఇంట్లో 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసి 200 పెట్టించినా బొమ్మ ఆగుతూనే ఉంటుంది.

యూట్యూబ్ హాయిగా వస్తూ లైవ్ చానల్ మాత్రం గళ్లుగళ్లుగా విడిపోతోందా? దీనికో కారణం ఉంది. యూట్యూబ్ రాబోయే బొమ్మను ముందే కొంత దింపి దాచుకుంటుంది. నెట్ కాసేపు తడబడినా ఆ నిల్వతో నెట్టుకొస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ వంటి ఐపీటీవీ కనెక్షన్లలో లైవ్ చానల్‌కు అంత నిల్వ ఉండదు. పైగా ఐపీటీవీలో సాధారణంగా ఒకే ప్రసారాన్ని, చూసేవాళ్లందరికీ కలిపి పంపుతారు. దీన్నే మల్టీకాస్ట్ అంటారు. వైర్ మీద ఇది చక్కగా పనిచేస్తుంది. వైఫై మీదికి వచ్చేసరికే తంటా. మామూలు వైఫైలో ఒక ముక్క అందకపోతే రూటర్ మళ్లీ పంపుతుంది. మల్టీకాస్ట్‌లో అందిందా లేదా అని అడగదు, పోయిన ముక్క పోయినట్టే. దూరంగా ఉన్న పరికరానికీ వినబడాలని వేగం కూడా బాగా తగ్గించి పంపుతుంది. అందుకే ఐపీటీవీ బాక్స్‌కు లాన్ కేబుల్ పెట్టించుకోవడమే అన్నిటికన్నా మంచి మందు. మధ్యలో స్విచ్ వాడాల్సి వస్తే అందులో ‘ఐజీఎంపీ స్నూపింగ్’ ఉందో లేదో అడిగి కొనండి. అది లేని స్విచ్ చానల్ ప్రసారాన్ని అక్కర్లేని పోర్టులన్నిటికీ పంపేస్తుంది.

ఇక లాన్ కేబుల్ సంగతి. వంద మీటర్ల వరకు ఢోకా లేదు, ఏ ఇంటికైనా అది చాలు. కానీ బజారులో చవగ్గా దొరికే వైర్లలో కొన్ని పైన మాత్రమే రాగి, లోపల అల్యూమినియం. మలుపుల దగ్గర పుటుక్కున తెగుతాయి. పూర్తి రాగి వైర్ అని అడిగి తీసుకోండి. తలుపు సందులో నలిగిందేమో చూడండి. ప్లగ్ మీద చిన్న ప్లాస్టిక్ నాలుక ఉంటుంది. పోర్టులోకి తోసినప్పుడు టక్కుమని పట్టేది అదే. అది విరిగితే ప్లగ్ లోపలే ఉన్నట్టు కనిపిస్తుంది కానీ, టీవీ యూనిట్ తుడిచేటప్పుడు వైర్ కాస్త కదిలినా కనెక్షన్ పోతుంది. ప్లగ్ కొత్తది కొట్టించడం నిమిషాల పని.

వైర్ వేయడం కుదరని ఇళ్లకు వైఫైయే గతి. అక్కడ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో చుట్టుపక్కల ఫ్లాట్ల రూటర్లన్నీ ఆ మూడింటి మీదే పడతాయి. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ ఇరుకులోకే వస్తాయి. ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోప్‌కు 1998 నుంచి అడపాదడపా అంతుచిక్కని సంకేతాలు అందేవి. శాస్త్రవేత్తలు ఎంతో తల పట్టుకున్నాక 2015లో తేలిందేమిటంటే, అవి అక్కడి మైక్రోవేవ్ ఓవెన్‌వే! ఆగకముందే ఎవరో తలుపు తెరిచినప్పుడల్లా ఆ తరంగాలు బయటికొచ్చేవి. టెలిస్కోప్‌నే ఏమార్చింది, వంటింటి గోడ అవతలి సెట్‌టాప్ బాక్స్ ఎంత?

బాక్స్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే దానికి మారండి. మన దేశంలో 2018లో ఈ బ్యాండ్‌ను లైసెన్స్ అక్కర్లేకుండా విస్తారంగా తెరిచారు కనుక చోటుకు కొదవ లేదు. గోడలు దాటడంలో మాత్రం ఇది బలహీనం. అమెరికాలో ఉన్న మనవాళ్లు “మాకు ఒక్క రూటర్ ఇల్లంతా వస్తుంది” అంటే మనకూ వస్తుందనుకోకండి. వాళ్ల గోడలు ఎక్కువగా చెక్క, జిప్సం. మనవి ఇటుక గోడలు, ఇనుప చువ్వల స్లాబులు. అక్కడి చాలా ఇళ్లలో గోడల్లోనే పాత కేబుల్ టీవీ వైర్ ఉంటుంది. దానికి ‘మోకా’ అడాప్టర్లు తగిలించి అదే వైర్ మీద ఇంటర్నెట్ నడుపుకునే సౌకర్యమూ వాళ్లకుంది. మనం చేయగలిగింది, రూటర్‌ను ఇనప బీరువా వెనక, చేపల తొట్టె పక్కన పెట్టకుండా నలుగురు తిరిగే చోట ఎత్తుగా పెట్టడం.

బాక్స్‌కు యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ తగిలించారా? దాని నుంచి వచ్చే రేడియో గోల 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను దెబ్బతీస్తుందని ఇంటెల్ 2012లోనే వివరించింది. ఒకసారి ఊడదీసి చూడండి, తేడా తెలుస్తుంది.

టీవీ వెనక గుచ్చే ఫైర్ టీవీ స్టిక్‌తో పాటు అట్టపెట్టెలో ఒక పొట్టి హెచ్‌డీఎంఐ ముక్క వస్తుంది. చాలా ఇళ్లలో అది పెట్టెలోనే ఉండిపోతుంది. స్టిక్‌ను టీవీ లోహపు వీపుకు కాస్త ఎడంగా జరిపి వైఫై బాగా అందేలా చేయడం కూడా దాని పనే. పెట్టె ఇంకా పారేయకపోతే ఇవాళే తీసి తగిలించండి.