గీకిన రోడ్డులో మిగిలిన తారు

హైదరాబాద్ పాత కాలనీల్లో చాలా ఇళ్లలోకి వెళ్లాలంటే రోడ్డు మీంచి ఒకటి రెండు మెట్లు కిందికి దిగాలి. ఆ ఇళ్లు కట్టినప్పుడు రోడ్డుకంటే ఎత్తులోనే ఉండేవి. పాత తారు మీద కొత్త తారు, దాని మీద ఇంకో పొర వేసుకుంటూ పోయేసరికి రోడ్డే పైకి లేచింది. వాన పడితే నీళ్లు నేరుగా వరండాలోకే. నగర శివారున, 2018లో మున్సిపాలిటీ అయిన తెల్లాపూర్‌లో విల్లాలు, అపార్ట్‌మెంట్లతో పాటు వచ్చిన రోడ్లు చాలావరకు ఈమధ్యవే కాబట్టి ఈ జబ్బు ఇంకా ముదరలేదు. అయితే రెడీమిక్స్ లారీలు, ఇసుక, కంకర టిప్పర్లు తిరిగే చోట తారు రోడ్డు ఎన్నాళ్లో ఆగదు. మళ్లీ వేసే రోజు వచ్చినప్పుడు పాత పొరను ఏం చేస్తారన్నది ఇప్పుడే అడగాల్సిన మాట.

గీకేసి వేయడం ఒక పద్ధతి. రాత్రిపూట ట్రాఫిక్ పలచబడ్డాక మిల్లింగ్ మెషీన్ దిగుతుంది. దాని కడుపులో ఉన్న డ్రమ్ముకు గట్టి కార్బైడ్ మొనల పళ్లుంటాయి. అవి గిర్రున తిరుగుతూ పై పొరను కొరికేస్తుంటే, నలిగిన ముక్కలు కన్వేయర్ బెల్టు మీదుగా ముందు నడిచే టిప్పర్‌లో పడతాయి. రోడ్డు మట్టం పెరగదు, ఇళ్లలోకి నీళ్లు రావు. తీసిన మాలు మాత్రం సాధారణంగా ఏ ఖాళీ జాగాలో గుంతలు పూడ్చడానికో, రోడ్డు పక్క చదును చేయడానికో పోతుంది.

అక్కడ పారబోస్తున్నది ఎంతో ఒక చిన్న లెక్క. ఏడు మీటర్ల వెడల్పున్న రోడ్డును కిలోమీటరు పొడవునా 40 మిల్లీమీటర్ల లోతు గీకితే 280 ఘనపు మీటర్లు, అంటే సుమారు 640 టన్నుల మాలు వస్తుంది. అందులో తారు అయిదు శాతం అనుకున్నా 32 టన్నులు. మిగతాదంతా క్రషర్‌లో ఒకసారి కొట్టించుకొచ్చిన కంకరే. మన దేశం ఈ తారులో, అంటే బిట్యుమిన్‌లో, పెద్ద భాగాన్ని దిగుమతి చేసుకుంటోంది. డబ్బు పోసి తెచ్చుకున్న సరుకుతో గుంతలు పూడ్చడం కన్నా దుబారా ఏముంటుంది?

ఆ తారు అలాగే పనికొస్తుందా అంటే, రాదు. తారులో బరువైన గట్టి పదార్థం, అంటే ఆస్ఫాల్టీన్లు, తేలికపాటి నూనెల్లో తేలుతూ ఉంటుంది. కంకరతో కలిపేటప్పుడు 150 డిగ్రీలు దాటిన వేడికే కొంత దెబ్బ తగులుతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎండ, గాలి. ఆక్సిజన్ పట్టే కొద్దీ నూనెల వంతు తగ్గి గట్టి పదార్థం వంతు పెరుగుతుంది. పాకం ముదిరినట్టు తారూ ముదిరిపోయి, సాగాల్సిన చోట పగులుతుంది.

ఎంత ముదిరిందో తేల్చడానికి ల్యాబుల్లో పాతకాలం నుంచీ ఉన్న పరీక్ష ఒకటుంది. 25 డిగ్రీల దగ్గర ఉంచిన తారులోకి 100 గ్రాముల బరువుతో ఒక సూదిని అయిదు సెకన్లు దిగనిస్తారు. మన రోడ్లకు బాగా వాడే వీజీ-30 రకమైతే సూది కనీసం నాలుగున్నర మిల్లీమీటర్లు దిగాలి. ముదిరిన తారులో అందులో సగం దిగడమూ కష్టమే కావచ్చు.

పోయిన నూనెలను తిరిగి పట్టించేవే రెజువెనేటర్లు. పెట్రోలియం శుద్ధిలో వచ్చే ఆరోమాటిక్ నూనెలు, పైన్ కలపతో కాగితం చేసేటప్పుడు వచ్చే టాల్ ఆయిల్, రకరకాల మొక్కల నూనెలు ఇందుకు పనికొస్తాయి. పాత తారు బరువులో కొద్ది శాతం చాలు. అయితే కలిపీ కలపగానే పని అయిపోదు. కంకరను అంటుకున్న పాత పొరలోకి నూనె మెల్లగా ఇంకాలి. దానికి వేడి కావాలి, కొంత వ్యవధి కావాలి. అది ఇంకకపోతే పాత తారు రాయిలాగే ఉండిపోతుంది, నూనె వెళ్లి కొత్త తారును పలచన చేస్తుంది.

వాడేసిన వంటనూనె కూడా తారును మెత్తబరుస్తుందని పరిశోధనల్లో తేలింది. బిర్యానీ హోటళ్లకూ మిర్చి బజ్జీ బండ్లకూ కొదవలేని నగరంలో ఈ మాట వినగానే ఆశ పుడుతుంది. కానీ మళ్లీ మళ్లీ మరిగిన నూనెలో ఆమ్లాలు పెరుగుతాయి. అవి తారుకూ కంకరకూ ఉన్న పట్టును సడలిస్తాయి, తడి తగిలితే పొర లేస్తుంది. మన చుట్టూ దొరికేది గ్రానైటు కంకర. అసలే గ్రానైటుకు తారు అంతగా అంటదు. పైగా నూనె మోతాదు మించితే ఏప్రిల్, మే ఎండల్లో రోడ్డు మెత్తబడి చక్రాల జాడలు పడతాయి. అందుకే ఒక రోడ్డు లెక్క ఇంకో రోడ్డుకు పనికిరాదు. ప్రతిసారీ నమూనా తెచ్చి, ద్రావకంతో తారును విడదీసి, ఎంత నూనె పడుతుందో చూడాల్సిందే.

1973 నాటి చమురు సంక్షోభంతో తారు ధర మండిపోయాకే అమెరికాలో పాత రోడ్డును మళ్లీ వాడటం ఊపందుకుంది. చమురు బావులు పెద్దగా లేని జపాన్ ఇంకా ముందుకెళ్లింది. అక్కడ తిరిగి వాడే మిశ్రమాల్లో పాత మాలు వాటా సగానికి దగ్గరగా ఉంటుంది, రెజువెనేటర్ కలపడం రోజువారీ పనే. మన దగ్గరా ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లోనే తారు రోడ్ల రీసైక్లింగ్‌కు ఐఆర్‌సీ:120 పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది.

తెల్లాపూర్‌కు పాతిక ముప్ఫై కిలోమీటర్లలో, కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో శిరీష్ సరిదె బృందం గీకిన మాలు మీద చాలా పని చేసింది. వారిది వేరే దారి. పాత మాలును కొత్త కంకరతోనూ థర్మల్ కేంద్రాల బూడిదతోనూ కలిపి రోడ్డు అడుగు పొరల్లో వాడితే ఎంత బరువు ఓర్చుతుంది, నీళ్లలో ఎంత మన్నుతుంది అని చూశారు. గుంతల్లో పోయడంకంటే ఇది ఎంతో మేలు. కాకపోతే అడుగు పొరలో పాత తారు బంకగా పనిచేయదు, కంకరలో భాగంగా ఉండిపోతుంది. ఆ 32 టన్నుల తారుకు మళ్లీ తారుగా విలువ రావాలంటే పై పొరల్లోకి, రెజువెనేటర్‌తోనే రావాలి.

అందుకు తారు, కంకర కలిపే ప్లాంటులోనూ మార్పులు కావాలి. గీకిన మాలుకు నేరుగా మంట తగిలితే తారు కాలి పొగ లేస్తుంది. కొత్త కంకరను మామూలుకంటే ఎక్కువ వేడి చేసి, ఆ వేడినే దానికి అందించాలి. మాలు తడిగా ఉంటే ఆ వేడంతా నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది, ఇంధనం ఖర్చు పెరుగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు పడే ఊళ్లో గీకిన మాలు కుప్ప మీద ముందుగా రేకుల షెడ్డు వేయాలి. ఏ రోడ్డు మాలు ఆ రోడ్డుదిగా విడివిడిగా పోయాలి. టెండరు కాగితంలో ఈ షెడ్డుకు, ల్యాబు పరీక్షకు వేరుగా రేటు రాయకపోతే కాంట్రాక్టరు తన జేబులోంచి వాటిని చేయించడు.