వెంపలిని పెరికి పారవేయకుడు

వెంపలి చెట్టెక్కుటకు నిచ్చెన వేసుకొనునంతటి పొట్టి మనుష్యులు ఒకనాటికి పుట్టుదురని మన పెద్దలు చెప్పుచుందురు. మోకాలెత్తు పెరుగు ఆ మొక్కను మీరందరు ఎరుగుదురు. వరంగల్లు చుట్టుపట్ల చెల్కలలో, గడ్డి బీళ్లలో, చెరువు కట్టల వెంట ఊదారంగు పూలతో కనిపించును. పశువులు అంతగా ముట్టవు గనుక దీనిని పనికిమాలినదిగా ఎంచి, గట్లపై గడ్డిమందు కొట్టి మాడ్చివేయుచున్నారు. ఇది పొరపాటు.

సంస్కృతమున దీని పేరు శరపుంఖ. చిన్న ఆకు కొనను పట్టి లాగి చూడుడు. అడ్డముగా తెగక, బాణపు తోకవలె కోణముగా చీలును. పోల్చుకొనుటకు ఇంతకన్న సులువైన పరీక్ష లేదు. ప్లీహశత్రువు అనియు దీనికి పేరు గలదు. పొట్టలో బల్ల పెరిగినప్పుడు, కాలేయ వ్యాధులలోను ఆయుర్వేద వైద్యులు దీని వేరును వాడుదురు. అయితే పచ్చకామెర్లు కనబడగానే పసరు త్రాగి ఇంట కూర్చుండరాదు. కామెర్లకు కారణములు పలువిధములు; రక్తపరీక్ష చేయించినగాని తెలియవు. పైగా ఈ మొక్కలో చేపలను మత్తెక్కించు పదార్థము గలదు. మోతాదు వైద్యుడు చెప్పవలసినదే. గడ్డిమందు పడిన గట్టుమీది వేరు మందుకు బొత్తిగా పనికిరాదు.

ఇక పొలము మాట. వెంపలి పప్పుజాతి మొక్క. వేళ్లపై నుండు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి యిచ్చును. మన చెల్కలకు కొరతయైనది అదియే గదా! వరి కోసిన పిదప ఖాళీగా నుండు మడిలో ఎకరాకు 6 నుండి 8 కిలోల గింజ చల్లవచ్చును. ఎదుగుదల మెల్లన, తొందరపడువారికి జనుమే మేలు. కాని పశువులు తిరుగు వేసవి మడిలో జనుము దక్కదు, వెంపలి దక్కును. పూతకు రాగానే కలియదున్నవలెను. ఆలస్యమైనచో కాడ కట్టెబారి త్వరగా చివకదు.

గింజ పైపొర మిక్కిలి గట్టిది. అట్లే చల్లినచో చాలవరకు మొలవక పడియుండును. ముతక ఇసుకతో కలిపి రుద్దవలెను, లేదా మరిగిన నీటిలో 2, 3 నిమిషములుంచి తీసి ఆరబెట్టవలెను. విత్తనము కొననక్కరలేదు. కాయ గోధుమరంగుకు తిరిగినప్పుడు ఉదయపు చల్లవేళ కోయుడు. ఎండెక్కిన పిదప కాయ మెలితిరిగి పగిలి, గింజ నేలపాలగును.