కేంద్రక రంధ్ర నిర్మాణం: క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ, అనుబంధ పద్ధతుల సమన్వయం

1. ప్రవేశిక

జీవకణంలోని బృహదణువుల ఆకృతిని నిర్ధారించడంలో క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ నేడు ప్రధాన సాధనం. మంచు స్ఫటికాలు ఏర్పడే వ్యవధి లేనంత వేగంగా నమూనాను ఘనీభవింపజేసి, దానిని ఎలక్ట్రాన్లతో చిత్రించడం ఈ విధానం. దీనిని అభివృద్ధి చేసిన జాక్ డ్యుబోషే, యోఆఖిమ్ ఫ్రాంక్, రిచర్డ్ హెండర్సన్‌లకు 2017లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. అయినా ఈ పద్ధతి ఒక్కటే సరిపోని సందర్భాలున్నాయి. కేంద్రక రంధ్ర సంక్లిష్టం అందుకు నిదర్శనం.

2. సమస్యా స్వరూపం

కణకేంద్రకపు పొరలోని ద్వారమే ఈ సంక్లిష్టం. ఆర్.ఎన్.ఏ. బయటికి, అవసరమైన ప్రోటీన్లు లోపలికి దీని గుండానే సాగుతాయి. మానవ కణంలో సుమారు 30 రకాల ప్రోటీన్లు పునరావృతమై, మొత్తం దాదాపు 1000 ప్రోటీన్లు ఎనిమిది ఆకుల చక్రంలా అమరి ఉంటాయి. నమూనాను పలు కోణాల్లో వంచి చిత్రించే క్రయో-టోమోగ్రఫీ ఈ చక్రం మొత్తం ఆకారాన్ని చూపింది. కానీ ఏ ప్రోటీన్ ఎక్కడ ఉందో గుర్తించగల స్పష్టత ఆ చిత్రానికి చాలలేదు.

3. సమన్వయ విధానం

ఎక్స్-కిరణ స్ఫటికశాస్త్రం విడి భాగాల పరమాణు రూపాన్ని ఇచ్చింది; వాటి స్థానాన్ని చెప్పలేదు. పొరుగు ప్రోటీన్లను రసాయనిక బంధాలతో ముడివేసి, ఆ ముడులను మాస్ స్పెక్ట్రోమెట్రీతో గుర్తిస్తే ఏది దేనికి సమీపమో తెలుస్తుంది, రూపం తెలియదు. ఇటువంటి పాక్షిక ఆధారాలన్నిటినీ గణనపద్ధతిలో కలిపి, 2018లో ఈస్ట్ రంధ్రంలోని 552 ప్రోటీన్ల అమరికను ప్రకటించారు. 2022లో ఆల్ఫాఫోల్డ్ వంటి కృత్రిమ మేధ సాధనాలు ఊహించిన రూపాలను టోమోగ్రఫీ చిత్రంలో పొదిగి, మానవ రంధ్రపు చట్రంలో 90 శాతానికి పైగా నిర్మించగలిగారు.

సమన్వయానికీ హద్దులున్నాయి. వేరుచేసిన పొరల్లో కంటే కణంలోనే ఉంచి చూసినప్పుడు రంధ్రం విశాలంగా కనిపించింది. అంటే నమూనాను సిద్ధంచేసిన తీరు కూడా ఫలితంలో భాగమే. రంధ్రమధ్యంలోని పోగుల వంటి ప్రోటీన్ భాగాలకు స్థిరరూపం లేదు. వేల చిత్రాల సగటులో అవి చెరిగిపోతాయి. వాటి విస్తృతిని తెలుసుకోవడానికి ప్రతిదీప్తి ఆధారిత దూరమాపనం అవసరమైంది.

4. ముగింపు

పద్ధతుల సమన్వయం కేవలం సమాచార సంకలనం కాదు; ఒక సాక్ష్యాన్ని మరొక సాక్ష్యంతో పరీక్షించడం. నిర్మాణానికి వాడిన ఆధారాన్నే దాని రుజువుగా చూపితే అది పరీక్ష కాజాలదు. కొంత సమాచారాన్ని విడిగా ఉంచి, దానితో సరిచూడాలి. తాళపత్ర ప్రతిలో శిథిలమైన అక్షరాలను పూరించిన పరిష్కర్త ఆ పూరణను కుండలీకరణాల్లో చూపుతాడు. అదేవిధంగా అణునిర్మాణంలోనూ కన్నదేదో, ఊహించినదేదో వేరుగా గుర్తించి చూపడం పరిశోధకుని విధి.