కట్లు విప్పేది ఎవరు?

(రేడియో సందేశము)

మన మధ్య డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కన్నీళ్లతో మోకరించి, ఇక మందు ముట్టనని తీర్మానం చేసుకొని, సంక్రాంతి రాకముందే మళ్లీ సీసా పట్టుకున్న సహోదరులున్నారు. ఆ తరువాత సిగ్గుచేత వారు మందిరానికి రావడం మానేస్తారు. "ఆయనకు ఒంట్లో బాగాలేదండి" అని భార్య పాస్టరుగారికి చెబుతుంది. ఆ సహోదరుడు చేసిన ప్రార్థన అబద్ధమా? కాదు. మరి ఏమి తక్కువైంది?

యోహాను సువార్త 11వ అధ్యాయములోని లాజరును జ్ఞాపకం చేసుకొనండి. ప్రభువు పిలిచాడు, అతడు సమాధిలోనుండి వచ్చాడు. కాని కాళ్లు, చేతులు ఇంకా కట్టబడే ఉన్నాయి. చనిపోయినవానిని లేపిన ప్రభువుకు ఆ కట్లు విప్పడం కష్టమా? అయినా ఆ పనిని అక్కడున్న మనుష్యులకు అప్పగించాడు. జీవమిచ్చేది ఆయనే. కట్లు విప్పడానికి మాత్రం తోటివారిని వాడుకుంటాడు.

1935 మే నెలలో అమెరికాలోని ఆక్రన్ పట్టణములో బిల్ విల్సన్ అనే వ్యక్తి ఒక హోటల్లో ఒంటరిగా ఉన్నాడు. తాగుడు మాని ఐదు నెలలైంది. వచ్చిన వ్యాపారపు పని చెడిపోయింది, ఎదురుగా బారు కనబడుతోంది. భయపడి ఒక పాదిరిగారికి ఫోను చేశాడు. అలా డాక్టర్ బాబ్ స్మిత్ అనే మరొక తాగుబోతును కలిశాడు. పావుగంటకంటే ఉండనని వచ్చిన డాక్టరు కొన్ని గంటలు కూర్చుండిపోయాడు. ఎందుకు? అవతలివాడు నీతులు చెప్పలేదు, తాను పడిన గుంట సంగతి చెప్పాడు. ఆ జూన్ 10న డాక్టరు చివరిసారి తాగాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్, అనగా ఏ.ఏ., ఆ దినాన్నే తన పుట్టినరోజుగా ఎంచుతుంది.

ఏ.ఏ. మీటింగులో ఏమి జరుగుతుంది? ఫీజు లేదు. తాగుడు మానాలనే కోరిక ఒక్కటి చాలు. ఇంటిపేరు, ఉద్యోగం, కులం ఎవరూ అడగరు. దాదాపు గంట, గంటన్నరసేపు ఒక్కొక్కరు తమ అనుభవం చెబుతారు. మొదటిరోజు మీరు నోరు విప్పకుండా విని రావచ్చు. అక్కడ విన్నది బయట చెప్పకూడదన్నది వారి కట్టుబాటు. జీవితాంతం మానేస్తానని ఒట్టు పెట్టించరు, ఈ ఒక్కరోజు తాగకుండా ఉందామంటారు. కొంతకాలానికి, ముందుగా మానినవారిలో ఒకరిని స్పాన్సరుగా అడుగుతారు. రాత్రి పదింటికి చేయి వణికి, మనసు లాగితే ఫోను చేయడానికి ఆయన ఉంటాడు.

"అది మన సంఘము కాదు గదా, వెళ్లవచ్చునా?" అని కొందరు అడుగుతారు. అది ఏ మతానికీ చెందినది కాదు, మందిరానికి బదులు కూడా కాదు. మన పాపములు ఒకరితో ఒకరు ఒప్పుకోవాలని యాకోబు పత్రిక 5వ అధ్యాయం నేర్పుతుంది. మనము మందిరములో చేయడానికి సిగ్గుపడే ఆ పని వారు అక్కడ చేస్తున్నారు.

ఒక హెచ్చరిక వినండి. ఏళ్లతరబడి ప్రతిరోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, చెమటలు, ఫిట్స్, లేనివి కనబడడం జరగవచ్చు. అది ప్రాణాపాయం. ముందు డాక్టరుకు చూపించండి. మందులు వాడడం అవిశ్వాసం కాదు.

మీటింగు ఎక్కడ దొరుకుతుంది? ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగంలో గాని, డీ-అడిక్షన్ సెంటరులో గాని అడగండి. 14446 అనే ప్రభుత్వ ఉచిత నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చు. దగ్గరలో లేకపోతే ఫోనులోనే చేరగల ఆన్‌లైన్ మీటింగులున్నాయి. మొదటి మీటింగు నచ్చకపోతే మానేయకండి, మరి కొన్నింటికి వెళ్లి చూడండి. మధ్యలో పడిపోయినా మళ్లీ వెళ్లండి. అక్కడ కూర్చున్నవారిలో అలా పడి లేచినవారు చాలామంది ఉంటారు.

అమ్మా, నీ భర్త రానంటే నీవు వెళ్లు. కుటుంబసభ్యుల కొరకు 1951లో ఆరంభమైన అల్-అనాన్ అనే సహవాసమున్నది. ఆయన తాగుడుకు కారణం నీవు కాదని అక్కడ తెలుసుకుంటావు.

సంఘ పెద్దలారా, మీకు ఒక మాట. వారములో ఒక సాయంత్రం మీ హాలు ఇలాంటి మీటింగుకు ఇవ్వగలరా? ప్రభువు బల్లలో మత్తులేని ద్రాక్షరసం వాడగలరా? ఆ సహోదరుడు తిరిగి వచ్చిననాడు గుసగుసలు లేకుండా పక్కన చోటివ్వగలరా? లాజరు బయటికి వచ్చి నిలిచి ఉన్నాడు. కట్లు విప్పవలసిన చేతులు మనవే. ప్రభువు మనకు అట్టి కృప దయచేయును గాక. ఆమేన్.