దుప్పిని చూడాలంటే ముందు గాలిని చూడాలి

నల్లమలలో ఫరహాబాద్ సఫారీకో, కవ్వాల్ అడవిలో జన్నారం వైపో తెల్లవారుతూనే వెళ్లేవారికి చుక్కల దుప్పులు తరచూ కనిపిస్తాయి. అయినా చాలామంది కెమెరాలకు చిక్కేది పొదల్లోకి మాయమవుతున్న తెల్లటి తోక మాత్రమే. లోపం కెమెరాది కాదు. మనం చూసేలోపే దుప్పి మనల్ని పసిగట్టేస్తుంది. దాని ఇంద్రియాల తీరు తెలిస్తేనే మంచి ఫోటో దక్కుతుంది.

అన్నిటికన్నా ముందు ముక్కు. గాలి మన వైపు నుంచి మంద వైపు వీస్తుంటే ఎంత నిశ్శబ్దంగా ఉన్నా లాభం లేదు. గుప్పెడు పొడి మట్టి జారవిడిచి గాలివాలు చూసుకోవాలి. గాలి మన ముఖానికి తగిలే చోటే నిలబడాలి.

తరువాత కళ్లు. మన కంట్లో రంగులు గుర్తించే కోన్ కణాలు మూడు రకాలు. జింక జాతుల్లో రెండే రకాలున్నాయని 1994లో తెల్లతోక జింక, ఫాలో జింకల రెటీనాలపై జరిగిన అధ్యయనం చూపింది. ఎరుపు, నారింజ రంగులను అవి మనలా వేరుచేసి చూడలేవు. నీలం మాత్రం బాగా తెలుస్తుంది. కాబట్టి అడవికి నీలం దుస్తులు వద్దు. కళ్లు తలకు రెండు పక్కలా ఉండడంతో వెనుక కొద్దిభాగం తప్ప చుట్టూ కనిపిస్తుంది. కదలికను ఇట్టే పట్టేస్తాయి. కదలకుండా ఉన్న మనిషిని పోల్చుకోవడం వాటికి కష్టం. అందుకే కెమెరాను నెమ్మదిగా ఎత్తాలి. చీకట్లో మెరిసే ఆ కళ్ల వెనుక కాంతిని వెనక్కి తిప్పే పొర ఉంటుంది. మసక వెలుతురుకు అలవాటుపడిన అలాంటి కంటిమీద ఫ్లాష్ వేయకూడదు.

దుప్పులున్న చోట చెట్లపై కొండముచ్చులు ఉన్నాయేమో చూడండి. అవి తింటూ రాల్చే ఆకులు, కాయల కోసం దుప్పులు కిందికి చేరతాయి. పైనున్న కొండముచ్చు పులినో చిరుతనో ముందే చూసి అరుస్తుంది. దుప్పి ముందుకాలు నేలకు తాటించి, తోక పైకెత్తి, సన్నగా కూస్తుంది. ఆ కూత మీ వల్లే వచ్చిందనిపిస్తే అక్కడి నుంచి తప్పుకోవాలి.

మగ దుప్పుల కొమ్ములు గమనించదగ్గవి. కృష్ణజింక కొమ్ములు జీవితాంతం నిలుస్తాయి. దుప్పివి ఎముకతో ఏర్పడి, రాలిపోయి, మళ్లీ మొలుస్తాయి. పెరిగేటప్పుడు వాటిని రక్తనాళాలున్న మెత్తటి చర్మం కప్పి ఉంటుంది. మగవన్నీ ఒకే కాలంలో కొమ్ములు రాల్చవు. అందువల్ల ఒకే మందలో మెత్తటి కొమ్ములూ, గట్టిపడిన కొమ్ములూ కనిపిస్తాయి.

దుప్పులు ఉదయం, సాయంత్రం మేస్తాయి. మధ్యాహ్నం నీడన నెమరువేస్తాయి. వేసవిలో ఇప్పపూలు రాలే చోటికి, నీటి గుంటల దగ్గరికి వస్తాయి. 400 మిల్లీమీటర్ల లెన్స్ ఉంటే దూరం నుంచే తీయవచ్చు. ఫోకస్ కంటిమీద పెట్టాలి. పరుగెత్తే దుప్పికి షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతైనా ఉండాలి. వాహనంలో ఉంటే ఇంజిన్ ఆపించండి, కిందికి దిగకండి.

తల్లి దుప్పి కూనను గడ్డిలో దాచి మేతకు వెళ్తుంది. ఒంటరిగా కనిపించే కూన చాలావరకు అనాథ కాదు. దాన్ని ముట్టుకోకండి, ఫోటో కోసం దగ్గరికి పోకండి. మీరు అక్కడున్నంతసేపూ తల్లి తిరిగి రాలేదు.