వాసన తెలుస్తోందా, ఘాటు తెలుస్తోందా?

కంటికి చార్టు ఉంది, చెవికి ఆడియోమెట్రీ ఉంది. మరి ముక్కుకి? చాలాచోట్ల "వాసన వస్తోందా అమ్మా?" అని అడిగి, "ఆ, వస్తోందండీ" అనగానే నార్మల్ అని రాసేస్తారు. నా దృష్టిలో అది పరీక్షే కాదు. మెల్లమెల్లగా వాసన తగ్గినవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. "ఉప్పు, పులుపు తెలుస్తున్నాయి, కానీ కూరలో రుచి లేదు డాక్టర్" అంటారు. అలా అంటే నేను ముందు ముక్కునే అనుమానిస్తాను. ఇంగువ తాలింపు సంగతి చెప్పేది నాలుక కాదు కదా!

మేం చిన్న సీసాల్లో కాఫీ పొడి, లవంగం లాంటివి పెట్టుకుంటాం. కళ్లు మూయించి, ఒక రంధ్రం మూసి రెండోదానితో చూపిస్తాం, తర్వాత అటుది. రెండూ కలిపి చూస్తే ఒక పక్క పోయిన వాసన దొరకదు. మధ్యలో ఒక ఖాళీ సీసా కూడా పెడతాం, ఊహించి చెప్తున్నారేమో తెలియాలి కదా.

కొందరు ఇంట్లోనే అమృతాంజనం, కర్పూరం చూసుకుని "నాకు బాగానే వస్తోంది" అంటారు. తిరకాసు ఇక్కడే ఉంది. వాసన మోసేది మెదడు నుంచి వచ్చే మొదటి నరం. ఘాటు, చురుకు, చల్లదనం మోసేది ఐదోది. వాసన పూర్తిగా పోయినవాళ్లకి కూడా అమ్మోనియా ఘాటు తగులుతుంది. "అదీ అస్సలు తెలియట్లేదు" అన్నారంటే, ముఖ్యంగా యాక్సిడెంట్ క్లెయిమ్ కేసుల్లో, మేం కాస్త ఆలోచిస్తాం.

1984లో అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ డోటీ బృందం గీకి వాసన చూసే పుస్తకాలు తెచ్చింది. 40 వాసనలు, ఒక్కోదానికి 4 జవాబులు. ఏమీ తెలియకుండా గుడ్డిగా టిక్కు పెట్టినా 10 దాకా కరెక్ట్ అవుతాయి. అందుకే మరీ 5 లోపు వస్తే, తెలిసి తప్పులు పెడుతున్నారేమో అనిపిస్తుంది. మంచి పరీక్షే, కానీ అందులో రూట్ బీర్, గుమ్మడికాయ పై లాంటివి ఉంటాయి. మనూళ్లో ఎప్పుడూ తినని వాసనకి పేరు చెప్పలేకపోతే అది ముక్కు తప్పు కాదండీ.

పార్కిన్సన్స్‌లో చెయ్యి వణకడానికి ఏళ్ల ముందే వాసన తగ్గొచ్చు. అలాగని కంగారు పడకండి, ఎక్కువమందిలో కారణం జలుబు, సైనస్, పాలిప్స్, తలకి దెబ్బ ఇలాంటివే.

వాసన పోయిందని తేలితే నేను ముందు అడిగేది, ఇంట్లో ఒంటరిగా ఉంటారా అని. గ్యాస్ లీకైతే తెలియాలని సిలిండర్‌లో మెర్కాప్టన్ అనే వాసన కలుపుతారు. వీళ్లకి అది తెలియకపోవచ్చు. అందుకని మందుల చీటీలోనే గ్యాస్ డిటెక్టర్ కూడా రాసిస్తాను.