ప్రజల నుంచి విపత్తు సమాచారం: ఒక యాప్ రూపకల్పన

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• విపత్తు నివేదికలో ఉండవలసిన అంశాలను గుర్తించగలుగుతారు.
• నివేదిక అందినప్పటి నుంచి ముగిసే వరకు దాటే దశలను వివరించగలుగుతారు.
• మ్యాపుపై కనిపించని ప్రాంతాల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలను తెలుపగలుగుతారు.

1. పరిచయం

వరద వచ్చినప్పుడు ఏ వీధిలో నీరు ఎంత లోతున ఉందో ముందుగా తెలిసేది ఆ వీధిలో ఉన్నవారికే. నీటిమట్టాన్ని కొలిచే కేంద్రం నది సంగతి చెబుతుంది గాని, ఏ ఇంటి మేడమీద ఎవరు చిక్కుకున్నారో చెప్పలేదు. ఈ స్థానిక సమాచారాన్ని ప్రజల నుంచే సేకరించి, సహాయం అందించేవారికి చేర్చేదే ప్రజా భాగస్వామ్య నివేదన వ్యవస్థ.

కెన్యాలో 2007 డిసెంబరు ఎన్నికల తరువాత హింస చెలరేగింది. ఆ సంఘటనలను ప్రజలే మ్యాపుపై నమోదు చేయడానికి 2008లో ‘ఉషాహిది’ అనే వేదిక రూపొందింది. స్వాహిలీ భాషలో ఈ మాటకు ‘సాక్ష్యం’ అని అర్థం. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు కూడా దీనిని వాడారు. అక్కడి ప్రజలు 4636 నంబరుకు ఎస్ఎంఎస్‌లు పంపేవారు. క్రియోల్ భాషలోని ఆ సందేశాలను, విదేశాల్లో స్థిరపడిన హైతీయులతో సహా ఎందరో స్వచ్ఛంద కార్యకర్తలు ఇంగ్లీషులోకి అనువదించి, స్థలాలను గుర్తించేవారు.

‘సాక్ష్యం’ అనే మాటను గుర్తుంచుకోండి. సాక్ష్యం విన్న వెంటనే తీర్పు చెప్పము. అలాగని దాన్ని పక్కన పడేయము. విచారిస్తాము. యాప్ రూపకల్పనకు కూడా ఇదే మూలసూత్రం.

2. నివేదికలో ఏముండాలి?

ప్రతి నివేదిక మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: ఎక్కడ? ఎప్పుడు? ఏం కావాలి?

స్థలం: జీపీఎస్ ఒక్కటే చాలదు. ఒక కుమారుడు వేరే ఊరి నుంచి తల్లిదండ్రుల కోసం నివేదిక పంపితే, జీపీఎస్ అతడున్న చోటునే చూపుతుంది. కాబట్టి ‘సహాయం మీకా, మరొకరికా?’ అని ముందే అడగాలి. మ్యాపుపై గుర్తు పెట్టే వీలుతోపాటు, ‘రామాలయం వెనక, రెండంతస్తుల ఇల్లు’ వంటి ఆనవాలు రాసే చోటు కూడా ఇవ్వాలి.

సమయం: పంపిన సమయం వేరు, చూసిన సమయం వేరు. ఉదయం చూసినది సిగ్నల్ వచ్చాక సాయంత్రం చేరవచ్చు. రెండింటినీ నమోదు చేయాలి.

అవసరం: పడవ, మందులు, తాగునీరు, ఆహారం వంటివాటిని బొమ్మలతో చూపితే కంగారులో ఉన్నవారు కూడా సులువుగా ఎంచుకోగలరు. నీటి లోతును మీటర్లలో అడగకండి. ‘మోకాలి వరకు, నడుము వరకు, తల మునిగేంత’ అని అడగండి.

3. నివేదిక దాటే దశలు

2018 ఆగస్టు వరదల్లో కేరళలో సహాయ అభ్యర్థనలను నమోదు చేయడానికి ‘కేరళ రెస్క్యూ’ అనే వెబ్‌సైటును స్వచ్ఛంద కార్యకర్తలు నడిపారు. అదే సమయంలో వాట్సాప్‌లో తిరిగిన కొన్ని అభ్యర్థనలు, బాధితులను కాపాడిన తరువాత కూడా చేతులు మారుతూనే ఉన్నాయి. అటువంటి సందేశాన్ని నమ్మి పడవ వెళితే, ఆ సమయంలో మరొక ఇంటికి పడవ దొరకదు. అందువల్ల సేకరణ ఎంత ముఖ్యమో ముగింపు కూడా అంతే ముఖ్యం.

ప్రతి నివేదికకు నాలుగు దశలు ఉండాలి:
(అ) అందింది: పంపినవారికి ఒక సంఖ్య చేరుతుంది.
(ఆ) నిర్ధారణ అయింది: ఫోను ద్వారా గాని, దగ్గరలోని కార్యకర్త ద్వారా గాని సరిచూశారు.
(ఇ) అప్పగించారు: బాధ్యత తీసుకున్న బృందం పేరు కనిపిస్తుంది.
(ఈ) ముగిసింది: సహాయం అందిందని బాధితులో, బృందమో ధ్రువీకరించారు.

నిర్ధారణ అన్నింటికీ ఒకేలా ఉండకూడదు. ‘వంతెన కూలింది’ అన్న వార్తను మరొకరు బలపరిచే వరకు ‘నిర్ధారణ కాలేదు’ అనే గుర్తుతో చూపవచ్చు. ప్రాణాపాయం ఉందన్న పిలుపు మాత్రం రెండో సాక్షి కోసం ఆగకూడదు. అది వెంటనే సహాయక బృందానికి చేరాలి.

ఒకే భవనం నుంచి పది నివేదికలు వస్తే తొమ్మిదింటిని తొలగించకండి. అవి పది కుటుంబాలవి కావచ్చు. వాటిని ఒకదానితో ఒకటి జతచేసి, ఎంతమంది ఉన్నారో విచారించాలి.

4. మ్యాపుపై ఖాళీ

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు విద్యుత్తు, ఫోన్ల వ్యవస్థలు దెబ్బతిన్నాయి. అటువంటి వేళ ఎక్కువగా నష్టపోయిన చోటు నుంచే ఒక్క నివేదికా రాకపోవచ్చు. మ్యాపుపై ఖాళీగా ఉన్న ప్రాంతం క్షేమంగా ఉందని అనుకోకూడదు. స్మార్ట్‌ఫోన్ లేనివారు, చదవలేనివారు, ఒంటరి వృద్ధులు కూడా ఆ ఖాళీలోనే ఉంటారు.

దీనికి మూడు మార్గాలున్నాయి. మొదటిది, నెట్‌వర్క్ లేనప్పుడు నివేదికను ఫోనులోనే దాచి, సిగ్నల్ రాగానే పంపడం. రెండవది, ఎస్ఎంఎస్, ఫోన్ కాల్ ద్వారా కూడా నివేదికలు స్వీకరించడం. మూడవది, నివేదికలు రాని ప్రాంతాలను వేరే రంగులో చూపి, అక్కడికి మనుషులను పంపమని గుర్తుచేయడం.

5. గోప్యత

అందరూ చూసే మ్యాపుపై పేరు, ఫోను నంబరు, ఇంటి కచ్చితమైన స్థానం ఉంచకూడదు. ఖాళీ చేసిన ఇళ్ల జాబితా దొంగలకు కూడా పనికొస్తుంది. ఆ వివరాలు సహాయక బృందానికి మాత్రమే కనిపించాలి. అవసరం తీరాక వాటిని తొలగించాలి.

6. సారాంశం

యాప్ తెరమీద కనిపించేది కొంతే. నివేదికను చదివే, సరిచూసే, కదిలే మనుషులు వెనక లేకపోతే అది ఉత్త పెట్టె. బాధితులు అందులో సందేశం వేసి, సహాయం వస్తుందన్న నమ్మకంతో వేరే దారి వెతకకుండా ఎదురుచూస్తారు. కనుక బాధ్యత తీసుకునే బృందం కుదిరిన తరువాతే యాప్‌ను ప్రజల ముందుకు తేవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. చూసిన సమయాన్ని, పంపిన సమయాన్ని వేర్వేరుగా ఎందుకు నమోదు చేయాలి?
2. నిర్ధారణ అన్ని నివేదికలకూ ఒకేలా ఎందుకు ఉండకూడదు?
3. మీ ఊరిలో వరద వస్తే ఎవరి నుంచి నివేదికలు రాకపోవచ్చు? వారిని చేరుకునే మార్గాన్ని పది వాక్యాలలో రాయండి.